చెన్నై తీరాన యుద్ధనౌకల బాట వేసిన అనుభవం

చెన్నైలో యుద్ధనౌకల చరిత్ర జరిగిన చోట్లు కాశీమేడు నుంచి మెరీనా దీపస్తంభం దాకా ఒకే తీరం వెంట, తీరిక ఉన్నవారు నడిచి చూడగలిగినంత దగ్గరగా ఉన్నాయి. కాని వాటిలో దాదాపు ఎక్కడా ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాను దాచి వెళ్ళడానికి వీలుండదు. సెయింట్ జార్జి కోటలో సచివాలయం ఉంది, సైన్యం ఉంది. హైకోర్టుకు సీఐఎస్‌ఎఫ్ కాపలా కాస్తుంది. ఓడరేవు గేటు దాటాలంటే పాసు కావాలి. జియోకాషింగ్ బాట అంటే జీపీఎస్ చూపిన చోటికి వెళ్ళి, దాచిన డబ్బాను వెతికి, అందులోని చిట్టాలో పేరు రాసి, మళ్ళీ ఉన్నచోటనే పెట్టి రావాలి. డబ్బా లేనిదే బాట లేదు. 2024 జూన్‌లో మొదలుపెట్టి 2025 జనవరి దాకా నేనూ నా మేనకోడలూ పడ్డ శ్రమలో సగానికి పైగా ఈ చిక్కును విప్పుకోవడానికే సరిపోయింది. మన ఊళ్ళలో ఇలాంటి బాట వేయాలనుకునేవారికి ఉపయోగపడుతుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను పుట్టింది విశాఖపట్నంలో. పెళ్ళయి పెరంబూరు వచ్చిన తర్వాత కూడా ఓడల మీద ఇష్టం పోలేదు. మా పెదనాన్న విశాఖ పోర్టులో పనిచేసేవారు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక సముద్రం వైపు నుంచి వచ్చిన పేలుడుకు ఇంట్లో కిటికీ రెక్కలు దడదడలాడాయనీ, బ్లాకౌట్ రోజులు కాబట్టి దీపం వెలిగించి చూసే ధైర్యం ఎవరికీ లేకపోయిందనీ ఆయన చెప్పగా విని పెరిగినదాన్ని. అందువల్ల ఇంజనీరింగు చదువుతున్న మా అన్నయ్య కూతురు జియోకాషింగ్ సంగతి చెప్పి, "అత్తా, చెన్నైలో మనమే ఒక బాట వేద్దామా?" అని అడిగినప్పుడు, అది ఓడల బాటే కావాలన్నాను.

జూన్ నెలంతా ఏ ఓడలను తీసుకోవాలన్న చర్చతోనే గడిచింది. ఇవాళ చెన్నైలో నిలబడి కంటితో చూడగలిగిన ఆనవాలు ఉన్న ఓడలనే తీసుకోవాలని మేం ఒక నియమం పెట్టుకున్నాం. ఆ నియమం వల్ల మంచి కథలు కొన్ని వదులుకోవలసి వచ్చింది. 2022 ఆగస్టులో మరమ్మతు కోసం కాట్టుపల్లి యార్డుకు వచ్చిన చార్లెస్ డ్రూ, మరమ్మతుకు భారతదేశం వచ్చిన మొదటి అమెరికా నౌకాదళ ఓడ. ఆ కథ మా మేనకోడలికి బాగా నచ్చింది. కాని యార్డు బయట నిలబడితే గోడ తప్ప ఏమీ కనిపించదు, ఊరికి చాలా దూరం కూడా. చివరికి ఐదు మిగిలాయి, ఒక్కోదానికి ఒక్కో బాట. ఓడరేవు లేని కాలంలో ఓడలకూ ఒడ్డుకూ మధ్య తిరిగిన మసూలా పడవ మొదటిది. తర్వాత 1746లో మద్రాసును పట్టుకున్న ఫ్రెంచి నౌకాబృందపు పెద్ద ఓడ ఆషీల్, 1914లో ఊరి మీద గుళ్ళు కురిపించిన జర్మన్ క్రూయిజర్ ఎమ్డెన్, 1971 నాటి విమానవాహక నౌక విక్రాంత్, ఈ ఊరి పేరే పెట్టుకున్న ఐఎన్‌ఎస్ చెన్నై. మసూలా యుద్ధనౌక కాదని మా మేనకోడలు వాదించింది. దుంగల్లాంటి అలలు విరిగే ఈ ఒడ్డుకు, పలకలను కొబ్బరి పీచుతో కుట్టిన ఆ పడవ లేనిదే ఏ ఓడ నుంచీ ఒక్క సిపాయి గాని ఒక్క మూట గాని దిగేది కాదు. కాబట్టి దానితో మొదలుపెట్టక తప్పదని నేను పట్టుబట్టాను.

జూలైలో చోట్లు చూడటం మొదలైంది. ఎండ తీవ్రంగా ఉన్న రోజులు. ఉదయం ఆరింటికి బయలుదేరి తొమ్మిదికల్లా ఇల్లు చేరేవాళ్ళం. కోటలోని మ్యూజియం మాత్రం అంత పొద్దున్నే తెరవరు, పైగా శుక్రవారం సెలవు. లోపలికి వెళ్ళేటప్పుడు సంచులు తనిఖీ చేస్తారు. మేం తీసుకెళ్ళిన ఖాళీ డబ్బాలూ అయస్కాంతాలూ చూసి అవేమిటని అడిగారు. ఆటకు సంబంధించినవని చెబితే నమ్మారు గాని, వాటిని గేటు దగ్గరే ఉంచి వెళ్ళమన్నారు. ఆ తర్వాత చోట్లు చూడటానికి వెళ్ళిన ప్రతిసారీ డబ్బాలు ఇంట్లోనే ఉంచి వెళ్ళాం. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను చెప్పే మొదటి మాట ఇదే. చోటు చూసే రోజు వేరు, డబ్బా పెట్టే రోజు వేరు.

ఆ మ్యూజియంలో ఎమ్డెన్ పేల్చిన గుండు ఒకటి అద్దాల పెట్టెలో ఉంది. దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. 1914 సెప్టెంబరు 22 రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో, తీరానికి మూడు కిలోమీటర్ల లోపు దూరానికి వచ్చి, కెప్టెన్ కార్ల్ ఫాన్ మ్యూలర్ తన ఓడ సెర్చిలైట్లు వేయించి బర్మా ఆయిల్ కంపెనీ కిరోసిన్ ట్యాంకుల మీద కాల్పులు మొదలుపెట్టించాడు. అరగంటలో సుమారు 130 గుళ్ళు పడ్డాయి. ట్యాంకులు అంటుకుని ఆకాశం ఎర్రబడింది. అప్పటికి ఊరి దీపస్తంభం హైకోర్టు గోపురం మీదనే ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధం మొదలై ఏడు వారాలు దాటినా ఆ దీపాన్ని ఎవరూ ఆర్పలేదు. ఒడ్డున ఉన్న ఫిరంగులు జవాబు చెప్పడం మొదలుపెట్టినా, ఎమ్డెన్ దెబ్బ తినకుండా దీపాలు ఆర్పుకుని చీకట్లో కలిసిపోయింది. మర్నాటి నుంచి వేలమంది ఊరు విడిచి వెళ్ళారు.

ఈ కథను చెన్నైలో చాలామంది మ్యూలర్ సాహసకథగానే చెబుతారు. ఆయన పట్టుకున్న వర్తక ఓడల్లోని మనుషులను మర్యాదగా చూశాడన్నది నిజమే. కాని ఆ రాత్రి రేవులో నిలిచి ఉన్న చుప్రా అనే వర్తక ఓడ మీద గుళ్ళు పడి నావికులు చనిపోయారు. ఎమ్డెన్ పేరు ఊరంతా తెలుసు, చుప్రా పేరు అడిగితే చెప్పేవారు కనబడరు. మా వివరణలో ఆ ఓడ పేరు తప్పకుండా ఉండాలనీ, అదీ మొదటి పేరాలోనే ఉండాలనీ అనుకున్నాను. ఎమ్డెన్ ముగింపు కూడా రాశాం. నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా క్రూయిజర్ సిడ్నీ దాన్ని దెబ్బతీయగా, మునగకుండా పగడపు దిబ్బ మీదికి ఎక్కించారు. అప్పటికి ఓడలో నూట ముప్పై మందికి పైగా చనిపోయి ఉన్నారు. దాని ఫిరంగి ఒకటి ఇప్పటికీ సిడ్నీ నగరంలోని హైడ్ పార్కులో ఉంది.

ఓడ ఎంత పెద్దదో చదివితే అర్థం కాదని మా మేనకోడలు ఒక పని చేయించింది. ఎమ్డెన్ పొడవు 118 మీటర్లు. మెరీనా ఇసుకలో ఒక చివర నేను నిలబడ్డాను. ఆమె నైలాను తాడు పట్టుకుని కొలుచుకుంటూ వెళ్ళింది. తాడు పొట్టిది కావడంతో ముడులు లెక్కపెట్టుకుంటూ మళ్ళీ మళ్ళీ వేయవలసి వచ్చింది. తాడు లాగిన ప్రతిసారీ తడి ఇసుక మీద సన్నని గాడి పడి, అందులోకి నీరు ఊరి, రెండో కొలతకు ఆ గుర్తు మాయమయ్యేది. అందుకని ముడి పడిన చోటల్లా గవ్వలు గుచ్చుతూ పోయింది. 118 మీటర్ల దగ్గర ఆగి చెయ్యి ఊపితే ముఖం పోల్చుకోలేకపోయాను. అంత పొడవు ఉక్కు మీద మూడువందల మందికి పైగా మనుషులు, బొగ్గు మసిలో, నెలల తరబడి తమదైన ఏ రేవుకూ చేరకుండా తిరిగారన్న సంగతి నా మనసుకు పట్టింది అక్కడే. బాట వివరణలో ఈ కొలతను ఒక పనిగా పెట్టాం. చేసినవారు చేస్తారు, లేనివారు లేదు.

ఇక డబ్బాల చిక్కు. ఎమ్డెన్ దాడిని గుర్తుచేసే ఫలకం హైకోర్టు తూర్పు ప్రహరీ గోడకు ఉంది. అక్కడ ఎవరైనా వంగి గోడ పగుళ్ళలో వేళ్ళు పెట్టి వెతికితే కాపలావాళ్ళు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. అందుకని బాటను రెండు అంచెలుగా చేశాం. ఫలకాన్ని చూసి, దాడి జరిగిన తేదీలోని అంకెలను ఒక చిన్న లెక్కలో పెడితే డబ్బా ఉన్న చోటు కోఆర్డినేట్లు వస్తాయి. డబ్బా మాత్రం జార్జిటౌన్ సందుల్లో, అనుమతి ఇచ్చినవారి గోడకు ఉంటుంది. తేదీ తెలిసినవారు ఫలకం దగ్గర ఒక్క నిమిషం నిలబడితే చాలు. అక్కడ తచ్చాడవలసిన పని లేకుండా చేయడమే మా ఉద్దేశం. ఆషీల్‌కూ ఇదే పద్ధతి పెట్టాం. 1746 సెప్టెంబరులో ఫ్రెంచి నౌకాబృందపు అధిపతి లా బూర్దొనే మద్రాసును పట్టుకున్న సంవత్సరం, 1749లో ఎయిక్స్ లా షాపెల్ ఒప్పందం కింద దాన్ని ఇంగ్లీషువారికి తిరిగి ఇచ్చిన సంవత్సరం, ఈ రెండింటి అంకెలతో లెక్క కట్టాలి.

ఆగస్టు అంతా అనుమతుల కోసమే తిరిగాం. ఇక్కడ మాకు తెలియని ఆట నియమాలు రెండు ఎదురయ్యాయి. రెండు డబ్బాల మధ్య కనీసం 161 మీటర్లు ఉండాలన్నది మొదటిది. ఐఎన్‌ఎస్ చెన్నై ఒక్కదాని పొడవే 164 మీటర్లు కాబట్టి ఆ దూరం ఎంతో మా మేనకోడలికి వెంటనే పట్టింది. కాని ఇరుకు సందుల జార్జిటౌన్‌లో, ఒప్పుకున్న ఇద్దరు మనుషులు అంత ఎడంగా దొరకడం కష్టమైంది. పైగా ఆ సందుల్లో రెండు వైపులా ఎత్తైన మేడలుండటం వల్ల జీపీఎస్ సంకేతం గోడలకు తగిలి తిరిగి వస్తుంది. ఒకే గుమ్మం ముందు నిలబడి తీసిన కొలతలు ఇరవై, ముప్పై మీటర్లు అటూఇటూ పోయాయి. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వేళల్లో తీసిన కొలతల సగటు వేసుకోవాలి. ఆదివారం తెల్లవారుజామున, లారీలు లేని వేళ, కొలతలు కాస్త నిలకడగా వచ్చాయి.

డబ్బా దొరకడానికి ఎవరూ దుకాణంలోకి వెళ్ళవలసిన అవసరం గాని, కొనవలసిన అవసరం గాని, అక్కడివారితో మాట్లాడవలసిన అవసరం గాని ఉండకూడదన్నది రెండో నియమం. వివరణలో దుకాణం పేరు కూడా రాయకూడదు. ఇది మంచి నియమమే. కాని మనకు సాయం చేసేది దుకాణదారులే కాబట్టి, వాళ్ళ పేరు ఎక్కడా రాదని ముందే చెప్పి ఒప్పించవలసి వచ్చింది.

ఎమ్డెన్ డబ్బాకు చోటిచ్చిన పెద్దాయనది తాళ్ళు, కప్పీలు, గొలుసులు అమ్మే పాత దుకాణం. ఆయన ముత్తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. మేం మొదట అరవంలో మాట్లాడుతుంటే, మేనకోడలు నాతో తెలుగులో అన్న మాట విని తలెత్తి చూశారు. విషయమంతా విన్నాక, "ఎమ్డెన్ గుండు మా తాత చూసినాడంట. పడింది చూడలేదు, పడినాక పోయి చూసినాడు" అన్నారు. డబ్బా చేతికిస్తే మూత తీసి వాసన చూసి, చిట్టా పుస్తకం పేజీలు తిప్పి, మూత బిగించారు. "ఈ బయట కంబానికి తగిలించుకోమ్మా. పోలీసోళ్ళు వచ్చి అడిగితే మాత్రం నువ్వే వచ్చి చెప్పుకోవాల. నాకు ఈ జీపీఎస్ గొడవ తెలవదు." నా ఫోను నంబరు ఒక చీటీ మీద రాసి ఆయన గల్లాపెట్టె మూత లోపల అంటించి వచ్చాను. అదే మాదిరి చీటీ ప్రతి డబ్బా అడుగునా అంటించాం. ఇది ఆట వస్తువనీ ప్రమాదం లేదనీ తెలుగులో, తమిళంలో, ఇంగ్లీషులో రాశాం. లోపలి వస్తువులు బయటికి కనిపించేలా తెల్లని పారదర్శకమైన డబ్బాలే కొన్నాం. అనుమానం వచ్చినవారికి మూత తీయకుండానే లోపల కాగితం, పెన్సిలు ఉన్నాయని తెలియాలి.

ఆషీల్ డబ్బాకు ఒక పాత అచ్చాఫీసు మెట్ల కింద చోటు దొరికింది. మసూలా డబ్బాకు కాశీమేడులో వలలు అల్లే పాక గుంజ దొరికింది. విక్రాంత్‌కు శాంథోమ్‌లో మాకు తెలిసిన తెలుగు కుటుంబం తమ ప్రహరీ బయటి వైపు చోటిచ్చింది. కాశీమేడులో డబ్బా కంటే ముందు, ఎందుకు పెడుతున్నామో చెప్పడానికి ఒక పూట పట్టింది. ఇప్పుడు అక్కడ ఉన్నవన్నీ ఫైబరు పడవలే. కుట్టిన పడవ గురించి తమ తాతల మాటగా చెప్పగలిగినవారు మాత్రం ఉన్నారు. మేం వివరణలో రాసిన ఒక సంగతిని వాళ్ళు సరిచేశారు. కుట్టు వదులైనప్పుడు నీరు కారడం ఖాయమే గాని, ఆ వదులే పడవకు ప్రాణమట. అల కొట్టినప్పుడు మేకులు దిగిన పలక పగులుతుంది, కుట్టిన పలక కాస్త వంగి ఊరుకుంటుంది. ఆ వాక్యాన్ని దాదాపు వాళ్ళ మాటల్లోనే వేసుకున్నాం.

ఖర్చు గురించి అడిగేవారు ఉంటారు. గాలి చొరని మూతల డబ్బాలు ఒక్కోటి 180 రూపాయలు. నీటికి తడవని కాగితం తెప్పించుకోవడానికి 650. అయస్కాంతాలకూ తాడుకూ చీటీల లామినేషనుకూ కలిపి ఇంకో 700 దాకా అయింది. ఆటోలకు అయిన ఖర్చు వీటన్నిటికంటే ఎక్కువ. చిట్టాలో రాయడానికి పెన్ను పెట్టవద్దు. చెమ్మకు సిరా పాకిపోతుంది, పెన్సిలు రాత నిలుస్తుంది. అయస్కాంతాల విషయంలో ఉప్పుగాలి సంగతి ముందే ఆలోచించుకోవాలి. కాశీమేడులో ప్రయత్నానికి పెట్టిన అయస్కాంతానికి మూడు వారాల్లోనే నికెల్ పూత ఉబ్బి, పొరలు పొరలుగా లేచి, కింద నల్లని పొడి రాలింది. వేలితో రుద్దితే పూత గోరింటాకు పెచ్చులాగా ఊడి వచ్చింది. తీరం దగ్గర అయస్కాంతం వాడాలంటే దాన్ని ప్లాస్టిక్‌లో మూసి వాడాలి, లేదా తాడుతో కట్టాలి. మేం తాడుకే మారాం.

సెప్టెంబరు 2న ఐఎన్‌ఎస్ చెన్నై తప్ప మిగిలిన నాలుగు బాటల వివరాలూ ఈ ఆట నడిపేవారి పరిశీలనకు పంపాం. పరిశీలించేవారు జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలు. మొదటి జవాబు రావడానికి వారం పట్టింది. సెప్టెంబరు 9న వచ్చిన ఆ జవాబులో ప్రశ్నలే ఉన్నాయి. డబ్బా హైకోర్టు ప్రహరీకి ఎంత దూరంలో ఉంది, అనుమతి ఇచ్చినవారు స్థలం యజమానా అద్దెకున్నవారా, రాత్రిపూట వెతికేవారి వల్ల ఇరుగుపొరుగుకు ఇబ్బంది ఉంటుందా అని అడిగారు. ఒక్కటి కూడా అనవసరమైన ప్రశ్న కాదు. ఫోటోలు, దూరం చూపే పటం, అనుమతి ఇచ్చినవారి మాట జతచేసి పంపాం. తెల్లవారాక, చీకటి పడేలోపు మాత్రమే వెతకాలన్న షరతు చేర్చాం.

విక్రాంత్ వివరణ మీద వచ్చిన ప్రశ్న మాత్రం నన్ను బాగా ఆలోచింపజేసింది. ఈ ఆటలో ఏ రాజకీయ వాదాన్నీ ప్రచారం చేయకూడదన్న నియమం ఉంది. 1971లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ, విక్రాంత్‌ను ముంచే పనిమీద కరాచీ నుంచి బయలుదేరి మొదట మద్రాసు తీరంలో వెతికింది. తూర్పు నౌకాదళాధిపతి కృష్ణన్ అప్పటికే విక్రాంత్‌ను అండమాన్ వైపు పంపేశారు. రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్ యుద్ధనౌక చేత విక్రాంత్ ఇంకా విశాఖ దగ్గరే ఉన్నట్టు రేడియో సందేశాలు పంపించారు. ఘాజీ విశాఖకు వచ్చి రేవు ముఖద్వారం దగ్గర పేలి మునిగింది. లోపలివారు ఎవరూ బతకలేదు. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల (నీటి లోతులో పేలే బాంబుల) వల్ల మునిగిందని మన నౌకాదళం చెబుతుంది. తన మందుపాతరల వల్లనో, లోపలి పేలుడు వల్లనో మునిగిందని పాకిస్తాన్ చెబుతుంది. విశాఖలో పెరిగినదాన్ని కాబట్టి నేను ఏది నమ్ముతానో చెప్పనక్కర లేదు. వివరణలో మాత్రం రెండు మాటలూ పక్కపక్కన పెట్టాను, ఎవరి మాట ఏదో స్పష్టంగా రాసి. అలా రాయడానికి మనసు వెంటనే ఒప్పుకోలేదు. ఆ రాత్రి కిటికీ రెక్కల చప్పుడు విన్నవారి ఇంట్లో పుట్టి, పేలుడుకు ఇంకో కారణం ఉండవచ్చని నా చేత్తో రాయడం తేలిక కాదు. రెండు రోజులు ఆ పేరా అలాగే వదిలేసి, తర్వాత కూర్చుని రాశాను. పరిశీలకుడు ఆ పేరాలో ఒక్క అక్షరం కూడా మార్చమనలేదు.

2024 సెప్టెంబరు 22కు ఎమ్డెన్ దాడి జరిగి 110 ఏళ్ళు. ఆ రోజుకైనా ఒక్క బాట తెరవాలని మా ఆశ. సెప్టెంబరు 20 సాయంత్రం ఎమ్డెన్ బాటకు ఆమోదం వచ్చింది. 22 ఆదివారం. కోర్టు వైపు జనం పలచగా ఉండే రోజు. పొద్దున్న ఏడూ నలభైకి ఫోను మోగింది, మొదటివారు దొరకబుచ్చుకున్నారని. ఒరగడం వైపు ఒక కార్ల కర్మాగారంలో పనిచేసే జర్మన్ ఇంజనీరు, ఆయన భార్య. వారి వెనకే పావుగంటలో ఇద్దరు కాలేజీ కుర్రవాళ్ళు వచ్చారట. ఆ ఇంజనీరు చిట్టాలో పేరూ తేదీ మాత్రమే రాసి, తర్వాత నాకు పొడవైన సందేశం పంపాడు. ఎమ్డెన్ గురించి తనకు చిన్నప్పటి నుంచి తెలుసనీ, చుప్రా పేరు మాత్రం మొదటిసారి చదివాననీ రాశాడు. ఆ సందేశం మా మేనకోడలికి చదివి వినిపిస్తుంటే నా గొంతు పూడుకుపోయింది. ఆగస్టు ఎండలో తిరిగిన తిరుగుడంతా ఆ ఒక్క వాక్యం కోసమే అయినా ఫరవాలేదనిపించింది.

మసూలా, ఆషీల్ బాటలు అక్టోబరు మొదటి వారంలో తెరుచుకున్నాయి. విక్రాంత్‌ను డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవానికి ఆపుకున్నాం. అక్టోబరు 15న పడిన వానకే కాశీమేడు డబ్బా గుంజతో సహా నీళ్ళలో నిలబడింది, లోపల మాత్రం పొడిగానే ఉంది. తర్వాత నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. అంతకుముందే చెన్నైలో విమానాలు ఆపేశారు, వీధులు నీళ్ళతో నిండాయి. నేను కిటికీ దగ్గర కూర్చుని ఆషీల్ గురించి ఆలోచించాను. 1746లోనూ ఇదే జరిగింది. కోటను గెలిచిన నెల తిరగకుండానే, అక్టోబరు తుఫానులో లా బూర్దొనే ఓడలు కొన్ని మునిగి, మిగిలినవి తెరచాప స్తంభాలు విరిగి చెల్లాచెదురయ్యాయి. అప్పట్లో రేవు అన్నదే లేని ఒడ్డు ఇది. పరుగెత్తి తల దాచుకోవడానికి చోటు లేదు. ఈ సంగతి నేను జూన్‌లోనే చదివి వివరణలో రాసి ఉన్నాను. కాని ఆ గాలి చప్పుడు వింటూ తలచుకుంటే అది వేరుగా ఉంది.

నీళ్ళు తీశాక వెళ్ళి చూస్తే అచ్చాఫీసు మెట్ల కింది డబ్బా కనిపించలేదు. కొట్టుకుపోయిందో, శుభ్రం చేసినవారు చెత్తతో తీసేశారో తెలియదు. కాశీమేడు డబ్బా మూత అంచులో సన్నని పగులు వచ్చి లోపలికి నీరు చేరింది. చిట్టా తీసి చూస్తే పెన్సిలు రాతలన్నీ నిలిచే ఉన్నాయి. ఒకరు పెన్నుతో రాసిన పేరు మాత్రం నీలపు మరకగా మారి పక్క పేజీకి అంటింది. పేజీలు విడదీసి, మిద్దె మీద నీడలో గుడ్డ మధ్య పరిచి ఆరబెట్టాం. పెద్దాయన దుకాణం కంబానికి ఉన్న ఎమ్డెన్ డబ్బా ఎలా ఉందో చూద్దామని వెళితే అది అక్కడ లేదు. వాన మొదలవగానే ఆయనే విప్పి లోపల గల్లాపెట్టె పక్కన పెట్టారట. "తాడు ముడి తడిస్తే బిగిసిపోతాది, మళ్ళీ రాదు. అందుకని విప్పేసినా" అన్నారు. మేం వేసిన ముడి కాకుండా, తడిసినా సులువుగా విప్పుకునే ఓడ ముడి ఒకటి మా మేనకోడలికి అక్కడే నేర్పించారు.

డిసెంబరు 4న విక్రాంత్ బాట తెరవలేకపోయాం. శాంథోమ్ ఇంటివారి వీధిలో ఇంకా బురద ఉంది, వెతికేవారిని అక్కడికి పంపడం సబబు కాదనిపించింది. కొత్త డబ్బాలు కొని, మూత అంచులకు సిలికాన్ పూసి, సంక్రాంతి సెలవుల్లో అన్నీ మళ్ళీ కట్టాం. విక్రాంత్ బాట జనవరి మూడో వారంలో తెరుచుకుంది. అందులో మొదటి అంచె మెరీనా దీపస్తంభం. లిఫ్టులో పైకి వెళ్ళి, 1977లో ఆ దీపం హైకోర్టు గోపురం నుంచి ఇక్కడికి మారిన సంవత్సరాన్ని లెక్కలో వాడుకుని, ఘాజీ వెతికిన నీళ్ళను ఒకసారి చూసి దిగాలి. పైన గాలి బలంగా ఉంటుంది. కాగితాలు పట్టుకెళ్ళేవారు క్లిప్పు తీసుకెళ్ళండి.

ఐదో బాట ఇంకా తెరవలేదు. ఐఎన్‌ఎస్ చెన్నై ముంబయిలో తయారై 2016 నవంబరులో నౌకాదళంలో చేరింది. ఈ ఊళ్ళో దాని ఆనవాలు దాని చిహ్నమే. ఆ చిహ్నంలో సెయింట్ జార్జి కోట రూపురేఖ ఉంది. విక్టరీ వార్ మెమోరియల్ దగ్గర నిలబడి కోట వైపు చూస్తే ఆ రేఖను పోల్చుకోవచ్చు. అక్కడికి తగినంత దూరంలో ఒక పార్కు కంచె మాకు నచ్చింది. ఆ పార్కును చూసే కార్యాలయానికి నవంబరు మొదట్లో ఉత్తరం ఇచ్చాం, జనవరిలో రసీదు నంబరుతో మళ్ళీ వెళ్ళాం. వేరే గదికి వెళ్ళమన్నారు, అక్కడ దరఖాస్తు కొత్తగా రాయమన్నారు, రాసి ఇచ్చాం. నోటిమాటతో ఎవరో సరేనంటే పెట్టేయవచ్చు కదా అని కొందరు సలహా ఇచ్చారు. కంచె దగ్గర తచ్చాడుతున్న మనిషిని ఎవరైనా ఆపి అడిగితే చూపించడానికి చేతిలో కాగితం ఉండాలని మేం దానికి ఒప్పుకోలేదు. జవాబు వచ్చేదాకా డబ్బా మా ఇంట్లోనే, సిలికాన్ పూసి సిద్ధంగా ఉంది. మిగిలిన నాలుగు బాటలూ తెరిచి ఉన్నాయి. ఎమ్డెన్ డబ్బా వెతకడానికి వెళ్ళేవారు ఆదివారం పొద్దున్నే వెళ్ళండి. చూసుకున్నాక తాడు ముడిని దుకాణం పెద్దాయన నేర్పిన పద్ధతిలోనే వేయండి. ఎలా వేయాలో బొమ్మ గీసి మూత లోపల అంటించాం.